చివరి కోరిక: చెల్లుబాటు మార్చి నెలాఖరు వరకు

కొత్తలంకపేటలో చావంటే ఒకప్పుడు ఎవరికి వారు చూసుకునే పని. మనిషి పుట్టినా, పోయినా మునిసిపాలిటీ వాళ్ళు ఒక కాగితం ముక్క ఇచ్చి ఊరుకునేవారు. మధ్యలో ఆ మనిషి ఏం కోరుకున్నాడో వాళ్ళకి పట్టేది కాదు. విశ్వంభరరావు గారు కమిషనరుగా వచ్చాకే ఈ అరాచకానికి అడ్డుకట్ట పడింది.

ఆయన రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, పూటపూటా జీడిపప్పు ఉప్మా తిని, ఒక గొప్ప ఎరుకతో తిరిగొచ్చాడు. మన జనానికి వీలునామా రాసే అలవాటు లేదు. లేదు కాబట్టి చెయ్యాలి. చెయ్యాలి కాబట్టి టార్గెట్ పెట్టాలి. టార్గెట్ అన్నాక నూరు శాతానికి తగ్గితే నలుగురిలో తలెత్తుకోలేం. వారం తిరిగేసరికి ఊళ్ళోని మంచినీళ్ళ ట్యాంకు మీద, చెత్తబండ్ల మీద, శ్మశానం గేటు మీద కూడా ఒకటే నినాదం వెలిసింది: ఇంటింటా వీలునామా, ఊరంతా ధీమా.

టౌన్ హాల్లో ప్రారంభోత్సవం పెడితే సలోమి కూడా వెళ్ళింది. సర్కారు ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. ఊళ్ళో అందరికీ సిస్టరమ్మ. పక్కన ఆమె భర్త జకరయ్య, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగినవాడు. పిల్లల్లేరు. టీ, బిస్కెట్లు ఇస్తారంటే వచ్చానని ఆయన దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు.

కమిషనరుగారు మైకు పట్టుకున్నారు. "వీలునామా ద్వివిధము. మొదటిది మరణానంతర వినియోగార్థము. అనగా మన తదనంతరము మన ఆస్తి ఎవరికి చెందవలెనో తెలుపునది. రెండవది మరణపూర్వ వినియోగార్థము. అనగా మనకు నోట మాట రాని స్థితి దాపురించినపుడు వైద్యము ఎంతవరకు చేయవలెనో, ఎచ్చట ఆపవలెనో ముందుగానే తెలుపునది. ఉభయములూ మన కార్యాలయమున భద్రపరచబడును."

వేదికెక్కినవాడి నోట పనికొచ్చే మాట వినడం సలోమికి చాలా కాలం తర్వాత అదే మొదలు. ఆవిడ తన చేత్తో ఎంతమందికి గొట్టాలు వేసిందో లెక్కలేదు. అందులో బతికి లేచినవాళ్ళున్నారు. లేవరని తెలిసీ వారాల తరబడి మిషన్ మీద ఉంచినవాళ్ళూ ఉన్నారు. జకరయ్య అన్నగారు అలాగే ఇరవై రెండు రోజులు పడున్నాడు. రోజూ వెళ్ళి అద్దంలోంచి చూసొచ్చిన జకరయ్య, ఆ ఇరవై రెండో రోజున ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"సలోమీ, నాకా గొట్టాలొద్దే. ఈ అరుగు మీద, నా మంచంలో పోతాను. మాటియ్యి."

"ముందు నువ్వు పకోడీలు మానెయ్యి, అప్పుడిత్తాను మాట," అంది సలోమి. ఆయన మానలేదు. ఆవిడ మాత్రం ఆ రాత్రే మాటిచ్చేసింది.

అందుకే హాల్లో టీ చల్లారకముందే ఇద్దరూ వెళ్ళి ఫారాలు తెచ్చుకున్నారు. బాగుపడే ఆశ లేనప్పుడు తమను మిషన్ మీద పెట్టొద్దని, ఇంటికి చేర్చాలని రాశారు. ఒకరి తరఫున మాట్లాడే అధికారం ఒకరికి రాసుకున్నారు. ఇద్దరు సాక్షుల చేత, నోటరీ చేత సంతకాలు పెట్టించారు. మునిసిపాలిటీలో ఆ సీటు చూసే గుమస్తా తాతారావు వాటిని రిజిస్టర్లో ఎక్కించి, జకరయ్యది ఒకటో నంబరు, సలోమిది రెండో నంబరు వేసి, నకళ్ళ మీద ముద్ర కొట్టిచ్చాడు. అసలు పత్రాలు ఇనప బీరువాలోకి వెళ్ళాయి. ఆ బీరువాకి మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురు మనుషుల దగ్గర.

మిగతా ఊరు అంత తేలిగ్గా లొంగలేదు. దాంతో వీలునామా రాయనివాళ్ళ చెత్త తీయడం మానేశారు. నాలుగు రోజుల కంపుకి జనానికి ముందుచూపు వచ్చింది. ఆస్తి లేదన్నవాళ్ళని ఆలోచించుకోమన్నారు. ఒకాయన తన చిలకని బావమరిదికి రాశాడు. ఆఫీసు మెట్ల మీద అడుక్కునే ముసలాయన, మూడో మెట్టు మీద ఎడమ పక్క తాను కూర్చునే చోటుని నాలుగో మెట్టు మీద కూర్చునే ఆయనకి రాసిచ్చాడు. దాంతో ఐదో మెట్టాయన అలిగాడు. డిసెంబరు నాటికి నూరు శాతం పూర్తయింది. కమిషనరుగారికి జిల్లాలో శాలువా కప్పారు.

జనవరిలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జారీ చేసిన పత్రాలు ఎన్ని, వినియోగమైనవి ఎన్ని, మిగులు ఎన్ని? మరణపూర్వ పత్రాల కింద వినియోగం సున్నా. ఊళ్ళో ఎవరూ పోలేదని కాదు, చాలామందే పోయారు. కానీ నిద్రలో ఒకరు, నూతిలో పడి ఒకరు, ఇలా ఎవరికి తోచినట్టు వాళ్ళు పోయారు తప్ప, పత్రంలో రాసిన పద్ధతిలో ఒక్కరూ పోలేదు. ఆ ఉత్తరం అడుగున చిన్నక్షరాల్లో ఇంకో మాట ఉంది: ఆర్థిక సంవత్సరంలో వినియోగించని పత్రములు, మిగతా పథకముల నిధుల వలెనే, మార్చి 31తో లాప్స్ అగును.

కమిషనరుగారు అదే సాయంత్రం సమీక్ష పెట్టారు. "సున్నా అంటే ఏమిటి? క్షేత్రస్థాయి సిబ్బంది ఏం చేస్తున్నట్టు? ప్రతి లబ్ధిదారుని కలవండి. వినియోగానికి అంచనా తేదీ రాయించుకు రండి."

మర్నాడు తాతారావు గొడుగేసుకుని జకరయ్య ఇంటికొచ్చాడు. ఆయన అరుగు మీద పేపరు చూస్తున్నాడు.

"ఏం తాతారావూ, ఎండలో పడొచ్చావు?"

"మీ పత్రం వినియోగం ఎప్పుడో తేదీ రాసుకు రమ్మన్నారండి."

"అంటే, నేనెప్పుడు పోతానని?"

"అబ్బే, అలా కాదండి. మార్చిలోపు ఉంటుందా, ఆ తర్వాత ఉంటుందా అని. మార్చిలోపైతే టిక్కు పెట్టుకుపోతాను. తర్వాతైతే కారణం రాయాలండి."

"ఆరోగ్యం బాగుందని రాసుకో."

"రాస్తే పైవాళ్ళు ఒప్పుకోవట్లేదండి. సహకరించటం లేదని వెనక్కి పంపుతున్నారు."

మజ్జిగ గ్లాసుతో వచ్చిన సలోమి అడిగింది. "మీ కమిషనరుగారిది ఏ తేదీ రాశావేంటి?"

"ఆయనది పై ఆఫీసులో చూసుకుంటారండి," అన్నాడు తాతారావు, నవ్వు మజ్జిగలో దాచుకుంటూ. చివరికి ముగ్గురూ కలిసి ఆలోచించి, 'లబ్ధిదారుడు వాయిదా కోరుచున్నాడు' అని రాశారు.

ఆ వాయిదా రెండు నెలలే నడిచింది. మార్చి ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్న రొయ్యలు కొనడానికి బజారుకెళ్ళిన జకరయ్య, బేరం ఆడుతూ ఆడుతూ పక్కకి ఒరిగిపోయాడు. చుట్టుపక్కలవాళ్ళు మంచివాళ్ళు. వెంటనే అంబులెన్సు ఎక్కించి, ఊళ్ళోకెల్లా పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. సలోమి పరుగున వెళ్ళేసరికే నోట్లో గొట్టం పడింది, మిషన్ ఊపిరి పోస్తోంది.

డాక్టరు స్కానింగు చూపించబోతే ఆవిడే అందుకుని వెలుతుర్లో పెట్టుకుంది. తల లోపల సగం మేర రక్తం. ఇలాంటివి ఎన్ని చూసిందో. ఈ మనిషి ఇంక కళ్ళు తెరవడని అర్థమైంది. అర్థమయ్యాక ఐదు నిమిషాలు గోడకానుకుని నిలబడి, సంచిలోంచి నకలు తీసి డాక్టరు చేతికిచ్చింది.

"మంచి పని చేశారు మేడమ్. ఇంత స్పష్టంగా ఎవరూ రాయరు," అన్నాడు డాక్టరు. "మునిసిపాలిటీ నుంచి ధ్రువీకరణ తెచ్చేయండి. మిగతాది మేం చూసుకుంటాం."

సలోమి నకలు బల్ల మీద పెట్టగానే విశ్వంభరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎమ్మెల్యే వస్తే తప్ప లేవని మనిషి.

"ఒకటో నంబరు! కూర్చోండమ్మా. ఇవాళ ఇరవై ఎనిమిది. ఇంకా మూడు రోజులుంది. మీవారు సరిగ్గా సమయానికి..." అని, ఆవిడ ముఖం చూసి, "చాలా విచారకరం," అని ముగించారు. తర్వాత బయటకి వినపడేలా పిలిచారు. "తాతారావ్, ఫోటోగ్రాఫరుకి ఫోన్ చెయ్యి."

వెంటనే కమిటీ వేశారు. వెంటనే బీరువా తెరవమన్నారు. మూడో తాళంచెవి ఉన్న మునిసిపల్ చైర్‌పర్సన్ గారు మేనకోడలి పెళ్ళికి పొరుగు జిల్లా వెళ్ళారు. తాళంచెవి తెప్పించేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. అసలు పత్రం మీద సంతకమూ నకలు మీద సంతకమూ ఒకటేనని నిర్ధారించి, ముప్ఫయ్యో తారీఖు మధ్యాహ్నం ఐదుగురు సభ్యులు ఆసుపత్రికి వచ్చారు. కమిషనరుగారు, హెల్త్ ఆఫీసరు, రెవెన్యూ ఆయన, ఇంజనీరు, టౌన్ ప్లానింగ్ ఆయన. టౌన్ ప్లానింగ్ ఆయన ఎందుకో ఎవరూ అడగలేదు. ఆయన అన్ని కమిటీల్లోనూ ఉంటాడు.

కమిషనరుగారు తొమ్మిదో నిబంధన పైకి చదివారు. "వినియోగ సమయమున దరఖాస్తుదారుడు ఎట్టి ఒత్తిడికీ లోనుకాలేదని కమిటీ ఎదుట స్వయముగా చెప్పవలెను." కాగితం మడిచి మంచం మీదికి వంగారు. "జకరయ్యగారూ, తాము ఈ నిర్ణయం స్వేచ్ఛగానే తీసుకున్నారా?"

మిషన్ బుస్సుమంది.

నిబంధన ప్రకారం మూడుసార్లు అడగాలి. రెండోసారి గట్టిగా అడిగారు. మూడోసారి ఇంజనీరుగారు ఇంకా గట్టిగా అడిగారు. నర్సు వచ్చి కసురుకుంది.

"స్పందన లేదు అని రాద్దాం," అన్నాడు హెల్త్ ఆఫీసరు.

"మనసు మార్చుకున్నాడేమో," అన్నాడు టౌన్ ప్లానింగ్ ఆయన.

సలోమి అప్పటిదాకా ఓపిక పట్టింది. "ఆయన మాటాడగలిగితే ఈ కాగితం ఎందుకండి? మాటాడలేని రోజున మాటాడుతుందనే కదా రాయించారు? టౌన్ హాల్లో మీరే కదా చెప్పారు?"

"చెప్పాను, కాదనను," అన్నారు కమిషనరుగారు, చాలా మర్యాదగా. "అది అవగాహన కార్యక్రమం తల్లీ. ఇది అమలు కార్యక్రమం. రెండూ వేర్వేరు."

సాయంత్రం ఐదింటికి ఉత్తర్వు వచ్చింది. 'లబ్ధిదారుడు మౌనము వహించినందున పత్రము వినియోగము తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది. వెంటిలేటరు వద్దని స్వయముగా చెప్పగల స్థితికి చేరువరకు, సదరు లబ్ధిదారుని వెంటిలేటరుపై కొనసాగించవలెను.'

సలోమి దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి చదివినా అందులో అదే ఉంది.

పక్క మంచం మీద సత్తియ్య అనే కొబ్బరి దింపు కార్మికుడు ఉన్నాడు. పక్క పల్లెటూరివాడు, మునిసిపాలిటీ టార్గెట్లో పడనివాడు. చెట్టు మీంచి పడ్డాడు. ఆయనకీ అదే మిషన్, అదే తీరు. ముప్ఫై ఒకటో తారీఖు పొద్దున్న ఆయన భార్య నూకాలమ్మ డాక్టర్ని నిలదీసింది. "నిజం చెప్పండి బాబూ, లేత్తాడా మా ఆయన?" డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "అయితే ఇంక ఆణ్ణి హింస పెట్టకండి. మా ఇంటికి అట్టుకుపోతాం." ఒక ఫారం తెచ్చారు. మా ఇష్టపూర్వకంగా తీసుకుపోతున్నాం అని ఉంది అందులో. నూకాలమ్మ వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా కొంగుకి తుడుచుకుంది. అరగంటలో సత్తియ్య మంచం ఖాళీ అయింది.

సలోమి డాక్టరు వెనకాలే వెళ్ళింది. "నాకూ ఆ ఫారమే ఇవ్వండి."

డాక్టరు ఇబ్బంది పడ్డాడు. "మీకు కుదరదు మేడమ్. అది ఏ పత్రమూ లేనివాళ్ళకి. మీవారికి పత్రం ఉంది, దాని మీద మునిసిపాలిటీ ఆర్డరుంది. ఇప్పుడు మిషన్ తీస్తే నా ఉద్యోగం పోతుంది. అసలు మీరేమీ రాయకుండా ఉంటే మొన్ననే పంపేసేవాణ్ణి."

సలోమికి కోపం వచ్చింది, డాక్టరు మీద కాదు, తన మీద. అక్షరం ముక్క రాని నూకాలమ్మ మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది. నర్సింగు చదివి, నోటరీ చేయించి, నకళ్ళు తీయించి, తను మాత్రం తన చేతులతోనే ఆయన్ని ఈ మంచానికి కట్టేసింది. జకరయ్య చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించవయ్యా," అంది. ఆ చెయ్యి వెచ్చగానే ఉంది. అదే ఆవిడ తట్టుకోలేకపోయింది.

ఏప్రిల్ ఒకటిన మునిసిపాలిటీ లెక్కలు మూసే పనిలో తలుపులు వేసుకుంది. రెండున సలోమి వెళ్ళేసరికి కమిషనరుగారు దిగాలుగా కూర్చున్నారు.

"లాప్స్ అయిపోయిందమ్మా. అన్నీ లాప్స్. ఒక్కటంటే ఒక్కటి వినియోగం చూపించలేకపోయాను."

ఆరో రోజున సలోమికి మొదటిసారి ఊపిరాడినట్టయింది. "అయితే మా ఆయన కాగితం చెల్లదన్నమాట. ఆ ముక్కే రాసివ్వండి చాలు, ఇంటికి తీసుకుపోతాను."

"ఎలా రాసివ్వగలం? లాప్స్ అని రాతపూర్వకంగా ఇస్తే మన నూరు శాతం ఏం కావాలి?" కమిషనరుగారు ఓపిగ్గా వివరించారు. "పత్రం ఉన్నది. కానీ చెల్లదు. చెల్లదు. కానీ ఉన్నది. పై నుంచి స్పష్టత వచ్చేవరకు ఇదే పరిస్థితి. రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది."

సలోమి బయటకొచ్చి తాతారావు బల్ల ముందు కుర్చీలో కూర్చుండిపోయింది. తాతారావుకి ఎదురుగా కొత్త రిజిస్టరు ఉంది. ఏటా ఏప్రిల్లో పాతది అటకెక్కించి కొత్తది తెరవడం ఆ ఆఫీసు ఆనవాయితీ. కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త అట్ట. లోపల ఒక్క గీత పడలేదు. తాతారావు దాన్ని చూశాడు, సిస్టరమ్మని చూశాడు. పాతికేళ్ళ క్రితం తన భార్యకి పురుట్లో ప్రాణాపాయమైతే తెల్లార్లూ కూర్చున్నది ఈవిడే.

కళ్ళద్దాలు సర్దుకుని ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. రాసి, ముద్ర కొట్టి, చేతిలో పెట్టాడు. 'ఈ కార్యాలయపు ప్రస్తుత ఆర్థిక సంవత్సర రిజిస్టరును పరిశీలించగా, జకరయ్య అను పేరిట ఎట్టి పత్రమూ నమోదు కాలేదని ధ్రువీకరించడమైనది.'

"నీకేమైనా ఇబ్బంది అవుద్దేమో తాతారావూ."

"నేను అబద్ధం రాయలేదు సిస్టరమ్మా. కావలిస్తే పుస్తకం చూసుకోమనండి. మీరు బయల్దేరండి ముందు."

ఆసుపత్రివాళ్ళు ఆ కాగితం చూసి హమ్మయ్య అనుకున్నారు. జకరయ్య ఇప్పుడు ఏ కోరికా లేని మనిషి, అంచేత ఆయన్ని ఇంటికి పంపొచ్చు. నూకాలమ్మ వేలిముద్ర వేసిన లాంటి ఫారం మీదే సలోమి సంతకం పెట్టింది. అంబులెన్సు ఇంటి ముందు ఆగేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. పక్కింటివాళ్ళు నవ్వారు మంచం అరుగు మీద వేసి దుప్పటి పరిచారు. గొట్టం తీయడానికి అంబులెన్సులో వచ్చిన నర్సు వంగబోతే, "ఉండమ్మా, నేను తీత్తాను," అంది సలోమి.

ఆ తర్వాత నాలుగు గంటల పైచిలుకు ఆయన తన ఊపిరి తానే పీల్చుకున్నాడు. సలోమి తల నిమిరింది, పెదాలు తడిపింది, పకోడీల గురించి తిట్టింది. వీధిలో వచ్చేపోయేవాళ్ళు ఆగి, చెప్పులు విప్పి, కాసేపు నిలబడి వెళ్ళారు. సాయంత్రం నాలుగున్నరకి ఊపిరి ఆగింది. మాట నిలబెట్టుకున్నానని సలోమికి మనసు కుదుటపడింది. ఆరు రోజులు ఆలస్యంగా నిలబెట్టుకున్నానని గుండె తరుక్కుపోయింది. రెండింటికీ కలిపి ఏడ్చింది.

పదిహేనో రోజున మునిసిపాలిటీ జీపు వచ్చి ఆగింది. కమిషనరుగారు శాలువాతో దిగారు, వెనకాల ఫైలుతో తాతారావు.

"శుభవార్తమ్మా. లాప్స్ గడువు ఏప్రిల్ నెలాఖరు దాకా పొడిగించారు, వెనకటి తేదీ నుంచి వర్తించేలా. అంటే మీవారి పత్రం చెల్లినట్టే. ఆయన కోరుకున్నట్టే ఇంట్లో పోయారు కాబట్టి వినియోగమైనట్టే. జిల్లాలో మొట్టమొదటిది మనదే. ఇక్కడ ఒక్క సంతకం."

సలోమి ఫారం తీసుకుని చదివింది. 'లబ్ధిదారుని చివరి కోరిక మునిసిపాలిటీ ద్వారా సంపూర్ణముగా నెరవేరినది.' దాని కింద, 'దరఖాస్తు నుండి నెరవేరుటకు పట్టిన కాలము' అని గడి ఉంది.

"ఆరు రోజులు," అంది సలోమి.

కమిషనరుగారి ముఖం విప్పారింది. "ఆరే? గడువు ముప్ఫై రోజులమ్మా. ఇది రికార్డు."

ఈ మనిషిని తిట్టడానికి ఎన్ని మాటలు కావాలో లెక్కేసుకుని, అంత ఓపిక లేదని సలోమి ఊరుకుంది. ఫారం ఒళ్ళో పెట్టుకుంది. "సంతకం పెడతానండి. మీ బీరువాలో రెండో నంబరు కాగితం నాది. అది తెచ్చి ముందు నా చేతిలో పెట్టండి."

"ఉపసంహరణా? మరి నూరు శాతం..." కమిషనరుగారు చాలాసేపు ఆలోచించారు. నూరు శాతంలో ఒకటి తగ్గడమా, సున్నాలో ఒకటి పెరగడమా. పై ఆఫీసువాళ్ళు ఇప్పుడు సున్నా గురించే అడుగుతున్నారు. "తాతారావ్, పట్టుకురా," అన్నారు. ఈసారి మూడు తాళంచెవులూ జీపులోనే దొరికాయి. ముప్పావు గంటలో కాగితం వచ్చింది.

సలోమి అది తనదేనని చూసుకుంది. అడ్డంగా చింపింది, నిలువుగా చింపింది. అప్పుడు కలం తీసుకుని కమిషనరుగారి ఫారం మీద, మునిసిపాలిటీ తన భర్త కోరిక సంపూర్ణంగా నెరవేర్చిందని, సంతకం పెట్టింది.

కమిషనరుగారు శాలువా కప్పుతూ నిజంగానే కంగారుపడ్డారు. "ఒంటరివారు. ఏ పత్రమూ లేకుండా ఉన్నారు. రేపు మీకేదైనా అయితే ఎలాగమ్మా?"

"ఇప్పుడే కదండి నాకు ధైర్యమొచ్చింది," అంది సలోమి. "కాగితం లేనిదాన్ని. పడిపోతే ఎవరో ఒకరు వేలిముద్రేసి ఇంటికి తెచ్చేత్తారు."

కమిషనరుగారు ఇది కూడా రాసుకోమన్నారు. తాతారావు తల వంచుకుని రాశాడు: లబ్ధిదారుని కుటుంబము సంపూర్ణ సంతృప్తి వ్యక్తము చేసినది.